విసురురాయిని మోసికొనిపోవువాడు

ధ్యానమునకు వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:6, నిర్గమకాండము 22:1-4, లూకా 10:30-37, ఎఫెసీయులకు 4:28



ఈ మధ్య మన ప్రాంతములో ఏ టీ అంగడి యొద్ద నిలిచినను ఒకటే మాట వినబడుచున్నది. ఒకరి ఆటో బ్యాటరీ రాత్రికి రాత్రి మాయమైనది. ఇంకొకరి ట్రాక్టరులో డీజిలు తెల్లవారుసరికి అడుగంటినది. రహదారి ప్రక్కన బండి నిలిపి కునుకు తీసిన లారీవాడు లేచి చూచుకొనగా స్టెప్నీ చక్రము లేదు. రోగులను మోయు బండ్లను సహితము వదలరా యని జనులు పండ్లు కొరుకుచున్నారు. దొరికితే చేతులు విరుగగొట్టవలెనని ఒకరు. కేసు పెట్టిన ఏమి లాభము, నాలుగు దినములకే వెలుపలికి వచ్చునని వేరొకరు.

ఈ కోపము అకారణమైనది కాదు. దొంగతనమును చూచి మండని మనస్సు మంచి మనస్సని లేఖనము ఎక్కడను చెప్పలేదు. అయితే కోపము కలుగుట వేరు, ఆ కోపమునకు కొలత యుండుట వేరు. కావున రెండు ప్రశ్నలు వేసికొందము. దొంగతనములన్నియు ఒకే బరువు గలవా? దొంగ దొరికిననాడు మన చేయి ఎంతవరకు చాపవచ్చును? ఈ రెండింటికిని ఒకే కొలతబద్ద మోషే ధర్మశాస్త్రములో మనకు కనబడుచున్నది.

1. రాయి వెల, ప్రాణము వెల

ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. అప్పిచ్చినవాడు అప్పు తీసికొన్నవాని తిరగటిని గాని, దాని పై రాతిని గాని తాకట్టుగా పట్టరాదు. ఏలయనగా అట్లు చేయువాడు ఆ మనుష్యుని ప్రాణమునే తాకట్టు పట్టినవాడగును. ఇదియే దాని భావము. మన పెద్దవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మర మిషను రాకమునుపు ప్రతి యింటను విసురురాయి యుండెడిది. కోడికూతకు లేచి తల్లి రాగులు విసిరిన గాని ఆ పూట సంగటి లేదు. ఆ రాయిని సంతలో అమ్మిన ఎంత వచ్చును? కొద్ది డబ్బులే. కాని ఆ యింట అది లేని దినమున పిల్లలు పస్తుందురు.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఈ ఆజ్ఞ దొంగకు చెప్పినది కాదు. న్యాయముగా అప్పిచ్చి, న్యాయముగా తాకట్టు అడుగ హక్కు గల మనుష్యునికి చెప్పినది. హక్కు గలవాడే ఆ రాయిని ముట్టరాదనిన యెడల, ఏ హక్కును లేనివాడు చీకటిలో వచ్చి దానిని మోసికొనిపోయిన ఎంత దోషము! వస్తువు వెలను బట్టి కాక, దానిమీద ఆనుకొనియున్న ప్రాణమును బట్టి దేవుడు లెక్క కట్టును. ఇదే మన కొలతబద్ద.

2. ప్రాణమును మోయు బండి

మన అనంతపురపు మెట్టభూమిలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన పడును. ఊరికిని ఊరికిని నడుమ దూరములు ఎక్కువ. 2022 ఏప్రిల్ 4వ తేదీని జిల్లా రెండుగా విభజింపబడి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది గాని, దూరములు తరుగలేదు. రాయదుర్గము, కళ్యాణదుర్గము ప్రాంతపు పల్లెలనుండి అనంతపురము పెద్దాసుపత్రికి రావలెనన్న గంటకు పైగా ప్రయాణము. ప్రసవవేదనలో నున్న తల్లికిని, పాము కరచిన కూలివానికిని, హైదరాబాదు బెంగుళూరుల నడుమ పోవు 44వ జాతీయ రహదారిమీద దెబ్బతిని పడియున్నవానికిని ఆ గంటయే జీవమరణముల గంట.

2005 ఆగస్టు 15వ తేదీని హైదరాబాదులో 108 సేవ ఆరంభమైనది. అంతకుముందు రోగిని ఎద్దులబండిలోనో, మంచముమీదనో, దారిని పోవు లారీ ఆపియో తీసికొనిపోవుట పెద్దలు ఎరుగుదురు. 2020 జూలై 1వ తేదీని విజయవాడలో ఒకే దినమున 108, 104 సేవల నిమిత్తము 1,088 వాహనములు బయలుదేరదీయబడెను. ఆ 108 బండిలో పైలట్ అని పిలువబడు డ్రైవరును, రోగికి ప్రథమ చికిత్స చేయు ఈ.ఎం.టి.యు ఉందురు. ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు, గొంతులో అడ్డుపడిన తెమడను లాగు యంత్రము ఉండును. ఇవన్నియు ఆ బండి కదలిననే పనికి వచ్చును. బ్యాటరీ యున్ననే ఆ బండి కదలును. పాత సామాన్ల అంగడిలో ఆ బ్యాటరీకి దొరకునది కొన్ని వందలో వేలో. కాని అది లేని రాత్రి పిలుపు వచ్చి, బండి కదలక నిలిచిన యెడల, ఆ దొంగ ఎత్తుకొనిపోయినది బ్యాటరీ కాదు, ఒక తల్లికి మిగిలియున్న అరగంట.

2024 డిసెంబరు నెలలో జరిగినది పత్రికలలో అనేకులు చదివియుందురు. హైదరాబాదు అంచున హయత్‌నగర్‌లో ఒకడు 108 అంబులెన్సునే దొంగిలించి, సైరను మోగించుచు విజయవాడ దారిని పట్టుకొని పోయెను. చిట్యాల యొద్ద ఆపబోయిన పోలీసు ఏ.ఎస్.ఐ. ఒకరు తీవ్రముగా గాయపడిరి. కడకు సూర్యాపేట జిల్లా టేకుమట్ల యొద్ద దారికి అడ్డముగా లారీలు నిలిపి వానిని పట్టుకొనిరి. బండి దొరికినది. కాని మరియొకటి పోయినది. సైరను వినగానే లారీవాడును, బస్సువాడును, మోటారు సైకిలువాడును ప్రక్కకు తొలగుట ఏల? లోపల ప్రాణాపాయములో నున్నవాడు ఒకడున్నాడని నమ్ముటచేతనే గదా! ఆ నమ్మకమే దొంగిలింపబడినది. లోపల రోగి యున్నాడో దొంగ యున్నాడో అని జనులు ఒక్క క్షణము సందేహించుట మొదలుపెట్టిన, ఆ క్షణపు వెల ఎవరు చెల్లింతురు?

3. సొంత బండి, సర్కారు బండి

అయితే అంబులెన్సు మాత్రమే పవిత్రమైనది, తక్కిన బండ్లు పోయిన పోనిమ్మని ఎవరును అనుకొనరాదు. అప్పు చేసి ఆటో కొన్నవానికి ఆ ఆటోయే విసురురాయి. నెల నెలా కంతు కట్టవలెను. బ్యాటరీ పోయిన దినము కూలి లేదు, బ్యాటరీ కొనుటకు మరల అప్పు. తెల్లవారకముందే పాల క్యానులు కట్టుకొని పోవువాని మోటారు సైకిలులో పెట్రోలు తీసినవాడు ఆ దినపు పాలు విరుగగొట్టినవాడే. ఎండకాలములో ఊరికి నీళ్లు తోలు ట్యాంకరునుండి డీజిలు తీసినవాడు ఊరందరి కడవలు కాలితో తన్నినవాడే. కంటికి కనబడునది ఇనుమును రబ్బరును గాని, వాటిమీద ఒక కుటుంబము కూర్చొనియున్నది. బోరు మోటారుకు పోవు కేబుల్ వైరు కోసినవాని సంగతియు అంతే. రాగి తులములలో తూగును. ఎండిపోయిన చెట్లు ఏండ్లలో తూగును.

ఇంకొక తప్పు తలంపు కూడ మనలో కలదు. సర్కారు సొమ్ము ఎవరి సొమ్మును కాదని కొందరందురు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని సామెత. అందరిదైనది ఎవరిదియు కాదనుకొనుట చేతనే అట్లు జరుగుచున్నది. నిజమునకు అందరిదైన వస్తువును దొంగిలించువాడు అందరి యింటను కన్నము వేసినవాడు. యూదా ఇస్కరియోతు డబ్బు సంచి ఉంచుకొని అందులోనిది తీయుచుండెనని యోహాను పండ్రెండవ అధ్యాయములో వ్రాసియున్నాడు. బీదలకు పెట్టవలసినదియు ఆ సంచిలోని డబ్బే. వాని పతనము ఆ చిన్న సంచి యొద్దనే మొదలైనదని మనము మరువరాదు.

తాళము పగులగొట్టని దొంగలును కలరు. 2022 ఏప్రిల్ నెలలో తిరుపతి రుయా ఆసుపత్రిలో పదేండ్ల బాలుడు మరణించెను. అక్కడి ప్రైవేటు అంబులెన్సువారు వేల రూపాయలు అడిగి, వెలుపలినుండి వచ్చిన బండిని రానీయకపోగా, ఆ తండ్రి బిడ్డ శవమును మోటారు సైకిలుమీద పెట్టుకొని సుమారు 90 కిలోమీటర్లు తీసికొనిపోయెను. దేశమంతయు సిగ్గుపడినది. ఆ బండ్లనుండి ఏ వస్తువును పోలేదు. కాని దిక్కులేని గడియలో ఒక మనుష్యుని మెడ పట్టుకొని అడిగినది కూడ విసురురాయిని తాకట్టు పట్టుటయే.

4. కొన్నవాని చేతులు

ప్రియులారా, దొంగను తిట్టుట సులభము. దొంగసొత్తు కొన్నవానిని ఎవరు తిట్టుచున్నారు? పగలు అమ్ముడుపోని యెడల రాత్రి ఎవడును దొంగిలింపడు. బ్యాటరీని ఎవడును తినలేడు, రాగితీగను కట్టుకొనలేడు. దానిని కొను గుజరీ అంగడి యొకటి, సగము ధరకు డీజిలు క్యాను కొను రైతు ఒకడు, బిల్లు అడుగక పాత బ్యాటరీ బిగించుకొను బండివాడు ఒకడు ఉండుటచేతనే ఆ పని సాగుచున్నది. దొంగతో పాలు పంచుకొనువాడు తన ప్రాణమునకే పగవాడని సామెతలు 29:24 భావము. దేశపు చట్టమును అదే చెప్పుచున్నది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను క్రింద, దొంగసొత్తని తెలిసియు కొన్నవానికి మూడేండ్లవరకు శిక్ష కలదు.

తక్కువ ధర చెప్పినప్పుడు మనము అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఎక్కడినుండి వచ్చినది? ఆ ప్రశ్న అడుగుటకు మనకు నోరు రాకపోవుటకు కారణము, జవాబు మన లోపల ముందే తెలిసియుండుటయే. ఆదివారము కానుక పెట్టెలో వేయు నోటును, సోమవారము దొంగ డీజిలుకు ఇచ్చు నోటును ఒకే చేతినుండి పోరాదు.

5. ఆకలి సాకగునా?

కరవు సీమ గదా, ఆకలికి చేసిన పనిని ఇంతగా విమర్శింపవచ్చునా యని కొందరు అడుగవచ్చును. లేఖనము ఆకలిని ఎరుగును. ఆకలితో దొంగిలించినవానిని జనులు అంతగా అసహ్యించుకొనరని సామెతలు ఆరవ అధ్యాయము ఒప్పుకొనుచున్నది. కాని వెంటనే, వాడు దొరికిన యెడల ఏడంతలు తిరిగి ఇయ్యవలెననియు చెప్పుచున్నది. జాలియు కలదు, జవాబుదారియు కలదు. ఒకటి రెండవదానిని కొట్టివేయదు.

ఇంకొక మాట. బీదలందరు దొంగలనుట బీదలకు చేయు ఘోరమైన అవమానము. వేరుసెనగ పంట పోయి, ఇంటికి తాళము వేసి, బెంగుళూరులో మట్టి మోయ పోయినవారు మన సంఘములలో ఎందరు! వారు కూలికి పోయిరి గాని కన్నమునకు పోలేదు. ప్రమాదములో స్పృహ తప్పినవారి యొద్దనున్న నగదును, నగలను 108 సిబ్బంది లెక్కపెట్టి బంధువులకు అప్పగించిరని పత్రికలలో ఎన్నోసార్లు వచ్చినది. వారును చిన్న జీతములవారే. ఎవరును చూడని రాత్రి, అడిగినను ఎరుగలేని రోగి యొద్ద నిలిచి, చేయి చాపనివారు వారు. దొంగ వార్త ఊరంతయు పాకును. ఈ వార్త ఒక మూల అచ్చై మరుగున పడును. మన పిల్లలకు ఈ రెండవ వార్తను చదివి వినిపింపవలెను.

6. సూర్యోదయమైన తరువాత

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాము. దొంగ దొరికెను. స్తంభమునకు కట్టివేసిరి. తలకొక దెబ్బ. కొందరు సెల్‌ఫోనులో బొమ్మ తీయుచున్నారు. అప్పుడు క్రైస్తవుడు ఎక్కడ నిలువవలెను?

నిర్గమకాండము ఇరువది రెండవ అధ్యాయము వినుడి. రాత్రివేళ కన్నము వేయుచుండగా దొంగ దెబ్బతిని చచ్చిన యెడల, కొట్టినవానిమీద రక్తాపరాధము లేదు. కాని సూర్యోదయమైన తరువాత కొట్టి చంపిన, కొట్టినవానిమీద రక్తాపరాధము కలదు. ఎంత సూక్ష్మమైన న్యాయము! చీకటిలో ఇంటివాడు భయపడును, వచ్చినవాడు దొంగయో హంతకుడో తెలియదు. పగటివేళ వాని ముఖము కనబడుచున్నది, సాక్షులున్నారు, న్యాయాధిపతి యున్నాడు. అప్పుడు కొట్టుట ఆత్మరక్షణ కాదు, పగ. స్తంభమునకు కట్టబడినవానికి సూర్యుడు ఉదయించియే యున్నాడు. వస్తువుమీద ఆనుకొనియున్న ప్రాణమును బట్టి దొంగతనమును తూచిన మనము, అదే త్రాసులో ఆ దొంగ ప్రాణమును పెట్టకుండ ఉండలేము. బ్యాటరీకి ప్రాణము తీయుట అనగా విసురురాయికి ఇంటినే తాకట్టు పట్టుట.

మరియు గుంపు కోపము తరచుగా తప్పు మనుష్యునిమీద పడును. ఊరి అంచున డేరా వేసికొన్నవారు, పాత ఇనుము ఏరుకొనువారు, పరభాష మాటలాడువారు. వేలు మొదట వారివైపే పోవును. మన దేశములో ఈ పాపము చట్టముగానే నిలిచియుండెను. 1871లో తెల్లదొరల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911 చట్టముతో అది మన మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఎరుకలవారు మొదలైన కులములలో పుట్టిన బిడ్డ తొట్టిలోనే దొంగగా ఎంచబడెను. కోస్తాలోని స్టూవర్టుపురములో వారికొరకు ఏర్పడిన సెటిల్‌మెంటును నడిపినవారు సాల్వేషన్ ఆర్మీవారు, అనగా మనవలె క్రీస్తు పేరు ధరించినవారే. బడియు, పనియు పెట్టిరి. కాని హాజరు పుస్తకమును, కాపలాయును ఉండెను. 1952లో ఆ చట్టము రద్దైనది. చట్టము పోయినను అనుమానము పోవుటకు ఎన్ని తరములు పట్టుచున్నదో చూడుడి. దొంగతనము చేతి పాపము గాని పుట్టుక పాపము కాదు.

7. తిరిగి ఇచ్చుట, పని చేయుట, పంచిపెట్టుట

అట్లయిన ఊరకుండుమా? కాదు. క్షమించుట యనగా కన్నులు మూసికొనుట కాదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసి ఇయ్యుడి, రసీదు తీసికొనుడి. రవాణా వాహనమునుండి గాని, ప్రభుత్వ ఆస్తినుండి గాని దొంగిలించినవానికి న్యాయ సంహిత 305వ సెక్షను క్రింద ఏడేండ్లవరకు శిక్ష కలదు. మామూలు దొంగతనమునకు 303వ సెక్షను క్రింద మూడేండ్లవరకు. అందులోనే ఒక క్రొత్త ఏర్పాటును కలదు: సొత్తు వెల అయిదు వేల రూపాయలకు తక్కువై, మొదటిసారి తప్పు చేసినవాడు దానిని తిరిగి ఇచ్చిన యెడల, వానికి సమాజ సేవ శిక్షగా విధించుట. చెరసాలకంటె తిరిగి ఇచ్చుటకు పెద్దపీట వేసిన మోషే ధర్మశాస్త్రమునకు ఇది దూరమైనది కాదు. జక్కయ్య యేసును ఇంట చేర్చుకొన్న దినమున ఎవరును అడుగకయే నాలుగంతలు చెల్లింతుననెను.

పౌలు ఎఫెసీయులకు వ్రాయుచు మూడు మెట్లు చూపుచున్నాడు. దొంగిలినవాడు దొంగతనము మానవలెను. తన చేతులతో మంచి పని చేయవలెను. అక్కరగలవానికి పంచిపెట్టవలెను. మొదటి మెట్టుతో పోలీసులు తృప్తిపడుదురు, రెండవదానితో ఊరు తృప్తిపడును. సువార్త మాత్రము మూడవదానివరకు పోయిన గాని ఊరకుండదు. తీసికొనిన చేయి ఇచ్చు చేయి కావలెను. అయితే శిక్ష ముగించుకొని వచ్చినవానికి ఎవరును కూలి ఇయ్యని యెడల, వానిని రెండవ మెట్టునుండి వెనుకకు త్రోసినవారము మనమే.

యెరూషలేమునుండి యెరికోకు పోవు దారిలో జరిగిన కథ మనకు తెలిసినదే. దొంగలు దోచిరి, యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి, సమరయుడు ఆగెను. గాయపడినవానిని సమరయుడు ఎక్కించుకొన్నదానిని మన తెలుగు బైబిలు వాహనమనియే చెప్పుచున్నది. ఆ దారికి అదే అంబులెన్సు. ఆ రాత్రి పూటకూళ్ల యింటి ముంగిట ఎవడైన ఆ వాహనమునే విప్పుకొనిపోయియుండిన యెడల, మరుసటి దినమున ఆ దారిలో పడియున్న ఇంకొకనికి గతి యేమి? కావున సమరయుని మెచ్చుకొనుట చాలదు. వాని వాహనమునకు కాపలా ఉండుట కూడ మన వంతు.

సంఘపెద్దలు ఈ నెల కూడుకొని కొన్ని సంగతులు నిర్ణయింతురు గాక. 108 బండి మన వీధిలో నిలిచి, సిబ్బంది రోగికొరకు లోపలికి పోయినప్పుడు, యౌవనులు ఇద్దరు దాని యొద్ద నిలువవలెను. ఊరిలోని బ్యాటరీలమీద యజమాని పేరును బండి నంబరును చెక్కింపవలెను. బిల్లు లేని సొత్తు మన సంఘములో ఎవరును కొనమని మాట తీసికొనవలెను. బ్యాటరీ పోయిన ఆటోవానికి, ఏ మతమువాడైనను, ఏ కులమువాడైనను, చేబదులుగా ఇచ్చుటకు చిన్న నిధి యొకటి ఉంచవలెను. దొంగ దొరికిన దినమున మొదటి దెబ్బకు అడ్డుపడి, పోలీసులు వచ్చువరకు వాని ప్రక్కన నిలువగల ఇద్దరు పెద్దలను ముందే ఎన్నుకొనవలెను. ఇవి పెద్ద కార్యములు కావు. కాని పొరుగువాని విసురురాయి వాని గడపలోనే తిరుగుచుండవలెనన్న, ఇట్టి చిన్న పనులే కావలెను.

మన చేతులను ప్రభువు శుద్ధిచేసి, తీసికొనుటకు కాక ఇచ్చుటకు వాటిని వాడుకొనును గాక. ఆమేన్.